వేలు పెట్టే ముందు చదవండి

(కదిరి దగ్గర ఒక పల్లెలో, రాత్రి బడి ముగిసిన తరువాత పొదుపు సంఘం సభ్యులతో ఒక స్వచ్ఛంద టీచరు మాట్లాడిన మాటలు)



పగలంతా చెనక్కాయ పనికి పోయినారు. ఇంటికొచ్చి ముద్ద చేసి అందరికీ పెట్టినారు. మళ్ళీ పలక పట్టుకుని ఇక్కడికొచ్చినారు. మీకు నిద్ర వస్తా ఉంటుందని నాకు తెలుసు. అందుకే ఒకే ఒక్క సంగతి మాట్లాడుకుందాం. అది మీ బొటనవేలు సంగతి.

పోయిన వేలిముద్ర మళ్ళీ వచ్చింది

1990ల్లో మన రాష్ట్రంలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటికి నేను పుట్టలేదు. మా అమ్మ చెప్తే విన్నాను. లాంతరు వెలుగులో పెద్దవాళ్ళు కూర్చుని అక్షరాలు దిద్దినారంట. వేలిముద్ర వేసే ప్రతి మనిషీ సంతకం పెట్టాలి అనేది ఆ రోజుల పట్టుదల.

ఎందుకంత పట్టుదల? వేలిముద్ర వేసే మనిషికి కాగితంలో ఏముందో తెలియదు. నూరు రూపాయలు అప్పు ఇచ్చి వెయ్యి అని రాసుకున్నా తెలియదు. చదవడం వస్తే అడగడం వస్తుంది.

ఆ సంగతి నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చేసి చూపించినారు. వాళ్ళ రాత్రి బడి పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. ఒక ఆడమనిషి ఊరిలోని ఆడవాళ్ళను కూడగట్టి సారాయి అంగడి మూయించిన కథ అది. వాళ్ళు ఆ పాఠం చదివినారు. మన ఊళ్ళో మనం ఎందుకు చేయకూడదు అనుకున్నారు. 1992లో సారాయి మీద ఉద్యమం లేచింది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా ఆడవాళ్ళు కదిలినారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయిని నిషేధించినారు. ఒక చిన్న పాఠం ఎంత పని చేసిందో చూడండి.

ఆ రోజు చదువు పలక మీద ఉండింది. ఈ రోజు చదువు ఫోనులోకి కూడా వచ్చింది. మనం మాత్రం ఫోను అంటే పిల్లోళ్ళ పని అని వదిలేస్తున్నాం.

ఇప్పుడు లెక్క పెట్టండి. రేషన్ బియ్యానికి వేలు. పింఛనుకు వేలు. బ్యాంకులో దుడ్లు తీయడానికి వేలు. సంతకం నేర్చుకున్నామని సంతోషపడేలోపల వేలిముద్ర మిషను రూపంలో మళ్ళీ వచ్చింది. తేడా ఒకటుంది. ఆనాటి వేలిముద్ర కాగితం మీద సిరా మరక. ఈనాటి వేలు మీ ఖాతాకు తాళంచెవి.

మా పిన్నమ్మ కథ

ఈ మాట నాకు పుస్తకంలో దొరకలేదు. మా ఇంట్లోనే తెలిసింది. మా పిన్నమ్మ అనుమతి తీసుకునే మీకు చెప్తున్నాను.

మా పిన్నమ్మ చెనక్కాయలు అమ్మిన దుడ్లు బ్యాంకులో వేసుకుంది. అత్తగారి మందులకు వెయ్యి రూపాయలు కావాల్సి వచ్చింది. బ్యాంకు దూరం. బస్సు చార్జీ, ఒక రోజు కూలి, రెండూ పోతాయి. ఆ రోజు చేతి మిషను పట్టుకుని ఒకాయన వీధిలోకి వచ్చినాడు. మా ఊరాయన కాదు. పిన్నమ్మ ఆధార్ నంబరు చెప్పింది. వేలు పెట్టింది. "ముద్ర పడలేదమ్మా, మళ్ళీ పెట్టు" అన్నాడు. మళ్ళీ పెట్టింది. "నెట్‌వర్క్ లేదు, ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి పెట్టింది. వెయ్యి రూపాయలు చేతికి ఇచ్చినాడు. పిన్నమ్మ దండం పెట్టి ఇంట్లోకి పోయింది.

మూడు మార్లు వేలు పెట్టింది. మూడు మార్లూ ముద్ర పడింది. ఒక మారు వెయ్యి. తక్కిన రెండు మార్లు మూడేసి వేలు. వెయ్యి చేతికి వచ్చింది. ఆరు వేలు పోయినాయి.

ఫోనుకు మూడు మెసేజిలు వచ్చినాయి. ఎవరూ చదవలేదు. పిన్నమ్మకు చదవడం రాదు. చదవడం వచ్చినదాన్ని నేను. పిన్నమ్మ ఫోను చూసి పెట్టేదాన్ని కూడా నేనే. రీచార్జి నేనే చేస్తాను, రహస్య నంబరు నాకే తెలుసు. "నువ్వు తాకొద్దు పిన్నమ్మా, ఏదో ఒకటి నొక్కేస్తావు" అనేదాన్ని. ఆ నెల నాకు డి.ఎడ్. పరీక్షలు. నేను ఫోను చూడలేదు.

నాలుగు నెలల తరువాత పిన్నమ్మ ఈ బడిలోనే అంకెలు నేర్చుకుంది. ఒక రాత్రి ఫోను తెరిచి, పాత మెసేజిలలో అంకెలు వెతికి చదువుతా కూర్చుంది. "మూడు, సున్నా, సున్నా, సున్నా. ఇది మూడు వేలు గదా పాపా? మళ్ళీ ఇక్కడ కూడా మూడు వేలు ఉంది. ఇది ఎప్పటిది?" అని నన్ను అడిగింది.

పిన్నమ్మ సొంతంగా చదివిన మొదటి వార్త అదే. ఆమె పోగొట్టుకున్న దుడ్ల వార్త.

బ్యాంకుకు పోయినాము. ఫిర్యాదు రాసి ఇచ్చినాము. ఇన్ని నెలలు ఏం చేసినారు అని అడిగినారు. మా దగ్గర జవాబు లేదు. ఆ దుడ్లు తిరిగి రాలేదు. పిన్నమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను మాత్రం ఒకటి నేర్చుకున్నాను. ఒకరి పని మనం చేసి పెట్టడం సాయమే. వాళ్ళకు నేర్పకుండా చేసి పెడతానే ఉంటే అది సాయం కాదు. నేను బడిలో అందరికీ అక్షరాలు నేర్పినాను. ఇంట్లో పిన్నమ్మ చేతిలో నుంచి ఫోను లాక్కున్నాను.

అందుకే ఈ రోజు నేను మీ ఫోను తీసుకోను. మీ ఫోను మీ చేతిలోనే ఉండనీయండి.

కొడవలి అక్షరం, విల్లు అక్షరం

మొన్న ఒక అవ్వ అడిగింది. "పాపా, బ్యాంకు మెసేజి ఇంగ్లీషులో వస్తుంది. నాకు తెలుగే ఇప్పుడిప్పుడే వస్తా ఉంది. ఎట్లా చదివేది?"

మంచి ప్రశ్న. ఇంగ్లీషంతా రానక్కరలేదు. రెండు గుర్తులు చాలు.

దుడ్లు ఖాతాలోకి వస్తే మెసేజిలో "క్రెడిట్" అనే మాట ఉంటుంది. దాని మొదటి అక్షరం కొడవలి మాదిరి వంగి ఉంటుంది. దుడ్లు ఖాతాలో నుంచి పోతే "డెబిట్" అనే మాట ఉంటుంది. దాని మొదటి అక్షరం ఎక్కుపెట్టిన విల్లు మాదిరి, ఒక నిలువు గీత, దానికి ఒక వంపు ఉంటుంది. కొడవలి పంట కోసి ఇంటికి తెస్తుంది. విల్లులో నుంచి బాణం బయటికి పోతుంది. కొడవలి అయితే వచ్చింది, విల్లు అయితే పోయింది.

తరువాత అంకె చూడండి. ఎంత వచ్చింది, ఎంత పోయింది? అంకెలు మీకు వచ్చు. ఆ తరువాత తేదీ చూడండి. ఆ రోజు మీరు దుడ్లు తీసినారా లేదా? ఈ మూడు చూస్తే ఆ మెసేజి మీరు చదివినట్టే.

మిషను దగ్గర మూడు మాటలు

చేతి మిషను ఎట్లా పని చేస్తుందో తెలుసుకోండి. దానికి మూడు కావాలి. మీ ఆధార్ నంబరు, మీ బ్యాంకు పేరు, మీ వేలు. ఎంత తీయాలి అనే అంకెను మిషను పట్టుకున్న మనిషి కొడతాడు. మీరు వేలు పెడితే ఆ అంకెకు సరే అన్నట్టే. కాబట్టి మూడు మాటలు గుర్తు పెట్టుకోండి.

ఒకటి. వేలు పెట్టే ముందు "అంకె చూపించు" అని అడగండి. తెర మీద అంకె మీరే చదవండి.

రెండు. ముద్ర పడలేదు అంటే "చీటీ ఇవ్వు" అని అడగండి. పని కాకపోయినా చీటీ వస్తుంది. చీటీ ఇవ్వకపోతే రెండో మారు వేలు పెట్టొద్దు.

మూడు. ఇంటికి పోయే ముందు మెసేజి చూడండి. మెసేజి రాకపోతే బ్యాంకులో పాసుపుస్తకం రాయించుకోండి.

మీకు తెలియకుండా దుడ్లు పోతే 1930 నంబరుకు ఫోను చేయండి. అది ఫోను మోసాల మీద ఫిర్యాదు తీసుకునే ప్రభుత్వ నంబరు. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. దుడ్లు ఇంకో ఖాతాలో ఉండగానే ఆపడానికి వీలుంటుంది. బ్యాంకుకు కూడా వెంటనే చెప్పండి. తప్పు మీది కాకపోయి, మూడు పనిదినాలలోపల బ్యాంకుకు తెలియజేస్తే ఆ నష్టం మీ మీద పడకూడదని 2017లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఆదేశం ఇచ్చింది. మా పిన్నమ్మకు మూడు రోజులు కాదు, నాలుగు నెలలు పట్టింది. సిగ్గుపడి దాచుకోకండి. సిగ్గుపడాల్సింది మోసపోయిన మనిషి కాదు.

ఇంకొకటి. మీ వేలిముద్రకు తాళం వేసుకునే వీలు ఆధార్ సంస్థ ఇచ్చింది. తాళం వేస్తే ఎవరూ మీ వేలితో దుడ్లు తీయలేరు. కానీ జాగ్రత్త. తాళం వేసి ఉంటే రేషన్ దగ్గర కూడా వేలు పని చేయదు. పని ఉన్న రోజు తాళం తీసుకోవాలి. ఆధార్ సందేహాలకు 1947 నంబరు ఉంది. మన స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, మరిచిపోరు.

ఫోనులో దుడ్లు పంపేవాళ్ళకు ఒక మాట. దుడ్లు పంపడానికే రహస్య నంబరు కావాలి. దుడ్లు రావడానికి అక్కరలేదు. "మీకు దుడ్లు వేస్తాను, రహస్య నంబరు కొట్టండి" అని ఎవరైనా చెప్తే అది మోసం. ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా అంతే. అడిగిన మనిషి ఎంత తీయగా మాట్లాడినా, పోలీసు అని బెదిరించినా చెప్పొద్దు.

ఊరి ఆఫీసు ఫోనులోకి వచ్చింది

భయపెట్టే మాటలే చెప్తే మీరు ఫోను మూలన పడేస్తారు. అది కూడా నష్టమే. దానితో జరిగే మేలు కూడా చూద్దాం.

ఒకప్పుడు ఆదాయం సర్టిఫికెట్టు కావాలంటే కదిరికి ఎన్ని తడవలు తిరిగేవాళ్ళం? "సారు లేడు, రేపు రా" అంటే ఒక రోజు కూలి పోయేది. 2011లో మీసేవ వచ్చింది. ఆ తరువాత 2019లో ఊళ్ళోకే సచివాలయం వచ్చింది. 2025 జనవరి 30న మన ప్రభుత్వం వాట్సాప్‌లో "మన మిత్ర" అనే సేవను మొదలుపెట్టింది. మొదట్లోనే 161 రకాల పనులు అందులో పెట్టినారు. కరెంటు బిల్లు కట్టొచ్చు. సర్టిఫికెట్లకు అర్జీ పెట్టొచ్చు. ఫిర్యాదు చేయొచ్చు. దాని నంబరు 95523 00009. ఈ నంబరును బోర్డు మీద రాస్తాను, మీ పుస్తకంలో ఎక్కించుకోండి. ఒక్క అంకె తేడా ఉన్నా అది మన మిత్ర కాదు.

భూమి ఉన్నవాళ్ళు "మీ భూమి" పేరు విని ఉంటారు. 2015 నుంచి అందులో వన్-బి, అడంగల్ చూసుకోవచ్చు. సర్వే నంబరు కొడితే ఎవరి పేరు మీద ఎన్ని ఎకరాలు, ఎన్ని సెంట్లు ఉన్నాయో కనిపిస్తుంది. ఏడాదికొక మారైనా మీ పేరు మీరే చదువుకోండి. పేరులో అక్షరం తప్పినా, సెంట్లు తగ్గినా ముందే తెలుస్తుంది. అప్పు కోసం బ్యాంకుకు పోయిన రోజు తెలిస్తే ఏం లాభం?

మన కదిరి ప్రాంతం చెనక్కాయ మీద బతికే నేల. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిన కదిరి-6, కదిరి లేపాక్షి విత్తనాలు ఊరూరికీ పోయినాయి. విత్తనం మంచిదైనా వాన మన చేతిలో లేదు. పంట పోయినప్పుడు బీమాకు, నష్ట పరిహారానికి ఈ-పంట నమోదునే చూస్తారు. మీ చేలో చెనక్కాయ ఉంటే నమోదులో ఇంకొక పంట ఉందనుకోండి. పరిహారం వచ్చేటప్పుడు ఏడ్చి లాభం లేదు. నమోదు చేసిన రోజే రైతు సేవా కేంద్రంలో అడగండి. "నా పేరు, సర్వే నంబరు, పంట పేరు, ఎకరాలు చూపించు" అనండి. చూసి, చదివి, ఆ తరువాత ఒప్పుకోండి.

బెంగళూరుకో కేరళకో వలస పోయేవాళ్ళు మన ఊళ్ళో చాలా మంది ఉన్నారు. వాళ్ళకు కూడా ఒక మేలు ఉంది. దేశంలో ఎక్కడైనా రేషన్ తీసుకునే వీలు వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్ళు కొంత ఇక్కడ, పనికి పోయినవాళ్ళు కొంత అక్కడ తీసుకోవచ్చు. కార్డు నంబరు, ఆధార్ నంబరు దగ్గర పెట్టుకుని పొండి.

కంప్యూటర్‌లో రాసేది మనిషే

"కంప్యూటర్ అబద్ధం చెప్పదు" అంటారు. నిజమే. కానీ దానిలో రాసింది మనిషే గదా.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మన పాత అనంతపురం జిల్లాలోనే, బండ్లపల్లిలో మొదలైంది. దేశ ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ వచ్చి మొదలుపెట్టినారు. మన రాష్ట్రంలో ఆ పనుల లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించినారు. ఎవరు ఎన్ని రోజులు పని చేసినారు, ఎంత కూలి పడింది అనేది జాబితాలుగా బయటికి వచ్చింది. ఆ జాబితాలు పట్టుకుని సామాజిక తనిఖీ చేసినారు. ఇంటింటికీ పోయి "నీ పేరు మీద ఇన్ని రోజులు రాసి ఉంది, నువ్వు చేసినావా?" అని అడిగినారు. ఆ తరువాత ప్రజావేదిక పెట్టి అందరి ముందర చదివినారు. చేయని పనికి కూలి పడిందని, చేసిన పనికి కూలి పడలేదని అట్లా చాలా ఊళ్ళలో బయటపడింది.

చూడండి, జాబితాను కంప్యూటర్ ఇచ్చింది. నిజం ఏదో చెప్పింది మాత్రం గుంత తవ్విన మనిషి. రెండూ కలిస్తేనే న్యాయం జరిగింది.

2023 జనవరి 1 నుంచి ఉపాధి పని దగ్గర రోజుకు రెండు మార్లు ఫోనులో ఫోటో తీయాలనే నియమం అన్ని చోట్లా వచ్చింది. ఫోటో ఎక్కకపోతే ఆ రోజు హాజరు లేనట్టే. 2025 డిసెంబరులో ఆ పాత చట్టం స్థానంలో 125 రోజుల పని అని పార్లమెంటు కొత్త చట్టం చేసింది. చట్టం పేరు మారినా, పని చేసిన రోజులు మీ పుస్తకంలో మీరే రాసుకోవడం మానొద్దు. తేదీ, పని, కూలి. మూడు గళ్ళు గీసుకుంటే చాలు. మీ పుస్తకానికీ వాళ్ళ ఫోనుకూ తేడా వస్తే, అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

ఎండలో పని చేసి, పార పట్టి మీ వేళ్ళు అరిగిపోయినాయి. మిషను వాటిని గుర్తు పట్టదు. అది మీ తప్పు కాదు. వేలు పడకపోతే కంటిపాప, ముఖం, ఓటీపీ వంటి వేరే దారులు కూడా పెట్టినారు. "వేలు పడలేదు, పో" అంటే ఊరికే వెనక్కి రావొద్దు. "వేరే దారి చూపించు, లేకుంటే కాగితం మీద రాసి ఇవ్వు" అనండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. అర్జీ పెడితే 30 రోజులలోపల జవాబు ఇవ్వాలి.

మన సంఘం ఏం చేయొచ్చు?

మా వీధి సంఘంలో పదకొండు మంది ఉన్నారు. ముగ్గురికి ఫోను లేదు. వాట్సాప్ గుంపు పెడదాం అన్నప్పుడు ఒక పెద్దమ్మ లేచింది. "ఫోను ఉన్నోళ్ళు మాట్లాడుకుంటారు. మేము గోడ చూస్తా కూర్చోవాల్నా?" అనింది. ఆమె మాట న్యాయమైనది. అందుకే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాము. మీకు నచ్చితే మీరూ పెట్టుకోండి.

లెక్కల పుస్తకమే అసలు లెక్క. మీటింగు అయిపోగానే ఆ పేజీ ఫోటో తీసి గుంపులో పెట్టాలి. పుస్తకం తడిసినా, చిరిగినా, ఎవరైనా దిద్దినా ఫోటో సాక్ష్యం చెప్తుంది.

అప్పు ఎవరికి ఇవ్వాలనేది ఫోనులో తేల్చకూడదు. అందరూ కూర్చుని, తీర్మానం రాసి, సంతకం పెట్టాలి.

ఫోను లేని ముగ్గురికి ముగ్గురు జత. వచ్చిన ప్రతి మాట జత మనిషి పోయి చదివి వినిపించాలి.

చదవలేనివాళ్ళు గొంతుతో మాట పంపొచ్చు. నవ్వకూడదు.

ఆధార్ కార్డు ఫోటో, పాసుపుస్తకం ఫోటో గుంపులో పెట్టకూడదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని వార్త పెట్టకూడదు.

బ్యాంకులో కట్టిన కంతు చీటీ ఫోటో అదే రోజు గుంపులో పెట్టాలి. సభ్యులు కట్టిన దుడ్లు బ్యాంకుకు చేరినాయా లేదా అనేది ప్రతి ఒక్కరికీ తెలియాలి. అడిగితే కోపం తెచ్చుకోకూడదు. లెక్క అడగడం అనుమానం కాదు, అది సభ్యురాలి హక్కు.

ఈ రాత్రి ఇంటి పని

2011 జనాభా లెక్కల నాటికి మన పాత అనంతపురం జిల్లాలో నూరు మంది ఆడవాళ్ళలో సుమారు 54 మందికే చదువు వచ్చు. తక్కినవాళ్ళలో చాలా మంది మీ మాదిరి వాళ్ళే. చిన్నప్పుడు మేకల వెంట పోయినవాళ్ళు, తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయినవాళ్ళు. చదువు రాకపోవడం వాళ్ళు చేసిన తప్పు కాదు. కానీ ఇప్పుడు చదువు వచ్చినవాళ్ళు పక్కన ఉన్నాము. మేము నేర్పకపోతే ఆ తప్పు మాది.

ఇంటికి పోయినాక ఒక్క పని చేయండి. మీ ఫోనులో చివరగా వచ్చిన బ్యాంకు మెసేజి తెరవండి. మనవణ్ణి పిలవొద్దు. కొడవలి అక్షరమా, విల్లు అక్షరమా చూడండి. అంకె చదవండి. తేదీ చదవండి. రేపు రాత్రి వచ్చి మాకు చెప్పండి. ఫోను లేనివాళ్ళు పాసుపుస్తకం తీసి చివరి గీత చదువుకుని రండి.

మా పిన్నమ్మ అదిగో, మూడో వరసలో కూర్చుని ఉంది. ఇప్పుడు ఆమె ఫోను నేను తాకను. రహస్య నంబరు ఆమే మార్చుకుంది. ఏమని పెట్టుకుందో నాకు తెలియదు. నేను అడిగినా చెప్పలేదు. అది విని నాకు ఎంత సంతోషమైందో!

 టార్చిలైటు ఉన్నవాళ్ళు ముందు నడవండి. దోవలో గుంత ఉంది, అవ్వలను పట్టుకుని పొండి.

ఆలోచించండి, చర్చించండి

1. మిషను దగ్గర వేలు పెట్టే ముందు ఏమి అడగాలి?

2. "డెబిట్", "క్రెడిట్" మాటల తేడాను మీరు ఎట్లా గుర్తు పట్టుతారు?

3. మీ సంఘంలో ఫోను లేనివాళ్ళు ఎంత మంది? వాళ్ళకు జత ఎవరు?